నాలుగు నిమ్మకాయల బస్సు

మా పెరట్లో నిమ్మచెట్టుకు కాయలెన్ని ఉన్నాయో రోజూ లెక్కపెట్టుకునే అలవాటు నాకుంది. పిసినారి అనుకుంటే అనుకోండి. పంజాగుట్ట రాళ్లల్లో బిందెలతో నీళ్లు మోసి పెంచిన చెట్టు అది. నాలుగేళ్ల పాటు, సరిగ్గా దసరా ముందు రోజు, ఒక్క కాయ తగ్గేది. కోతులనుకున్నాను. అమీర్‌పేట పిల్లలనుకున్నాను. ఒక ఏడాది మా ఆవిడ రాజమ్మనే అనుమానించి రెండు పూటలు తిండి లేకుండా పడుకున్నాను. దొంగలెవరో తెలిసేనాటికి యుద్ధమే అయిపోయింది.

నా పేరు మొగిలయ్య. నాది కొలిమి పని. నా కొలిమి పక్కనే యేసురాజు మోటారు షెడ్డు. నేను ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించేవాణ్ణి, అతను మోటారు బండ్లు బాగుచేసేవాడు. క్రైస్తవుడు, సంఘ పెద్ద. ఆదివారం కోటు తొడుక్కుని గుడిలో ముందు వరసలో కూర్చునేవాడు, గోళ్లలో మడ్డి మాత్రం అట్లాగే ఉండేది.

నలభై ఒకటి ఎండాకాలంలో సాయిలు, హనుమాండ్లు అనే ఇద్దరు పొత్తుదార్లు ఇరుసు విరిగిన బస్సును ఎడ్లతో లాక్కొచ్చి షెడ్డు ముందు వదిలిపెట్టారు. సర్కారు బస్సులొచ్చి రూటు పోయాక పెళ్లిళ్లకూ జాతరలకూ తిప్పుకున్న బండి అది. "వారం దినాలల్ల వస్తం అన్నా" అని పోయారు. యుద్ధం రోజులు. సామాను దొరకదు, పెట్రోలు దొరకదు. వారం కాస్తా నాలుగేళ్లయింది.

ఆ వానాకాలమే యేసురాజు ఇంటి గోడ కూలింది. అతని భార్య కృపామణి ముగ్గురు పిల్లల్నీ గిన్నెల్నీ తీసుకుని ఆ బస్సులోకి మారిపోయింది. నాలుగు రోజులకే అంది. కిటికీలకు పాత చీరలు కట్టింది, మెట్ల పక్కన పొయ్యి పెట్టింది, మొగుణ్ణి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టింది. తిండి వేళకు హారన్ బుడ్డి నొక్కేది. పొం పొం అనగానే ముగ్గురు పిల్లలు, వాళ్ల వెనక మా కుక్క పరుగెత్తేవాళ్లు. ఇంటికి చక్రాలున్నాయని ఆమె పడ్డ గర్వం మేడలున్న వాళ్లలో కూడా నేను చూడలేదు.

ఆ ఏడు దసరాకు ముందు జాకీ జారి బస్సు యేసురాజు ఎడమ చేతి మీద పడింది. రెండు వేళ్లు పోయాయి. మా రాజమ్మ ఊరుకుంటుందా? "పూజ లేని బండి పిల్లా, గందుకే పగబట్టింది" అని కృపామణి చెవిలో వేసింది. ఆ మాట విని కూడా నేను మరచిపోయాను.

యుద్ధం ముగిసిందన్న కబురు వచ్చిన నెలలోనే పొత్తుదార్లు ఊడిపడ్డారు. కలిసి కాదు. సాయిలు పొద్దున, హనుమాండ్లు మధ్యాహ్నం. ఇద్దరిదీ ఒకటే మాట: రెండోవాడు తన వాటా ఎప్పుడో వదులుకున్నాడని, బస్సు మొత్తం తనదేనని. కాగితం ఇద్దరి దగ్గరా లేదు, నోరు మాత్రం ఇద్దరికీ ఉంది. బస్సు ఎవరిదైనా సరే, లోపలివాళ్లు వారంలో దిగిపోవాలన్న సంగతిలో మాత్రం ఇద్దరూ అన్నదమ్ముల్లా కలిసిపోయారు. కృపామణి మొహం పాలిపోయింది. వానలు వదలడం లేదు, చిన్నపిల్లకు దగ్గు, పోదామంటే తల దాచుకునే చోటు లేదు.

తగవు సారయ్య పటేల్ ముందుకు వచ్చింది. ఆయన జన్మలో మోటారు ఎక్కింది ఒక్కసారే, ఖైరతాబాద్ చేరకముందే వాంతి చేసుకున్నాడు. యేసురాజు తరఫున మాట సాయానికి పాస్టరు విజయరత్నంగారు కూడా వచ్చారు. గుంటూరు వైపు మనిషి.

"యేసురాజు మా సంఘ పెద్దండి పటేల్ గారూ. ఈ ఇంట్లో అబద్ధం అన్నది పుట్టదు" అని రాగానే చెప్పేశారు.

పటేల్ గంటసేపు ఇద్దరి అరుపులూ విన్నాడు. తర్వాత కర్ర నేలకు కొట్టాడు.

"మీ మోటర్ల కానూన్ నాకు తెల్వదు. దసరకు ఎవని నాగలికి వాడు పసుపు పూసుకుంటడు. పరాయోని నాగలికి పూసినోన్ని నేను ఇంతవరకు సూడలే. గీ బస్సుకు నాలుగేండ్ల సంది దసర పూజ ఎవలు చేసిండ్రు?"

"నేనే" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"నేను దండ గట్టిన పటేలా, గింత లావు బంతిపూల దండ" అన్నాడు సాయిలు.

"నేను టెంకాయ కొట్టిన, ఇగో గీ చక్రం కాడ" అన్నాడు హనుమాండ్లు.

నాకు ఒళ్లు మండింది. "నాలుగేండ్లల్ల మీ మొకాలే సూడలే గదరా! టెంకాయ దానంతట అదే నడ్సుకుంట వచ్చిందా?"

"నువ్వు జర నిమ్మళంగుండు మొగిలయ్యా" అని పటేల్ బస్సు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. ముందుకొచ్చి ఆగాడు. "గీ ఇంజన్ మూత దెరువు యేసురాజు."

"లోపల దుమ్ము తప్ప ఏం లేదు పటేలా" అంటూ యేసురాజు అడ్డం నిలబడ్డాడు. పెద్దల మాటకు అతను అడ్డం నిలబడటం అదే మొదటిసారి. పటేల్ అతన్ని కర్రతో పక్కకు జరిపి తనే మూత ఎత్తాడు.

నేను పక్కనే ఉన్నాను గనక చూశాను. ఇంజను పక్కన వరసగా నాలుగు నిమ్మకాయలు వేలాడుతున్నాయి. ఎండి నల్లబడి గోలీలంత అయ్యాయి. రెండింటిని బంగారు రంగు మెరుపు దారంతో కట్టారు, రెండింటిని సన్నటి రాగి తీగతో. నా కాయలే! పటేల్‌ను పక్కకు నెట్టి లాక్కుందామా అన్నంత కోపం వచ్చింది.

పాస్టరుగారు కూడా తొంగి చూశారు. ఆ మెరుపు దారం ఆయనకు బాగా తెలుసు. క్రిస్మస్‌కు గుడిలో నక్షత్రం కట్టే దారం అది, కట్టేది కృపామణి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

పటేల్ మూత దించేశాడు. "లోపల ఏమున్నదో, ఏంటితోని కట్టిండ్రో చెప్పుండ్రి. చెప్పినోనిదే బస్సు." సాయిలు నోరు తెరిచి మూసుకున్నాడు. హనుమాండ్లు తెరవనే లేదు.

కృపామణి బస్సు మెట్ల మీద నిలబడి ఉంది. చెప్పకపోతే ఇల్లు పోతుంది. చెబితే ప్రభువు బల్ల పోతుంది, రొట్టె, ద్రాక్షరసం అందరికీ ఇచ్చి ఆమెను దాటి పోతారు. నిమ్మకాయల మీద నా కోపం అక్కడికక్కడే చచ్చిపోయింది. ఆ పిల్లను చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"నేనే కట్టిన" అంది. "నిమ్మకాయలు. నచ్చత్రం దారంతోని. మా ఆయన వేళ్లు పోయినయ్, నాకు భయమైంది. కట్టినంక మోకాళ్ల మీద ప్రార్థన సుత చేసిన అయ్యగారు. అమ్మోరికి, ప్రభువుకు, ఇద్దరికీ చెప్పి పెట్టిన."

"ఇద్దరికీనా!" అన్నారు పాస్టరుగారు.

"గని రెండేండ్లే కట్టిన. మీరు ఆ క్రిస్మస్‌కు విగ్రహాల మీద వాక్యం చెప్పినంక మల్ల ముట్టలే. ఆ మూత సుత తెరవలే."

"మల్ల లోపల నాలుగున్నయ్ గద" అన్నాడు పటేల్. "రెండు రాగి తీగతోని."

రాగి తీగ ఆ చుట్టుపక్కల ఒక్కరి దగ్గరే ఉంటుంది. అందరం అటు తిరిగాం. యేసురాజు మూడు వేళ్ల చేతిని వెనక్కి దాచుకున్నాడు.

"ఆమె ఆపేసింది పటేలా" అన్నాడు. "దసర ముందటి దినం మూత తెరిస్తే కొత్తది లేదు. పిల్లలు పండేది గిందులనే. ఏమన్న అయితదేమో అని... నేను కట్టిన."

కృపామణి మెట్లు దిగి వచ్చింది. "నేను కట్టింది సూసినవా? సూసి సుత ఒక్క మాట అనలేదా?"

"ఏమంట? నా కోసమే కడ్తివి గద."

పటేల్ కర్ర పొత్తుదార్ల వైపు తిప్పాడు. "మాలిక్ దొరికిండు. ఇగ నడువుండ్రి" అన్నాడు. పొత్తుదార్లు చాలా కాలానికి కలిసి నడిచారు, పటేల్‌ను తిట్టుకుంటూ. హనుమాండ్లు పోతూ పోతూ హారన్ బుడ్డి పీక్కుపోయాడు.

"ఈ ఇంట్లో అబద్ధం పుట్టదని నేనే చెప్పాను కదండీ" అన్నారు పాస్టరుగారు నీరసంగా. "ఏం చేస్తాం. ఆరు నెలలు ఇద్దరికీ బల్ల లేదు. వెనక, తలుపు దగ్గర కూర్చోవాలి."

ఆ దసరాకు నా చెట్టున ఒక్క కాయ కూడా తగ్గలేదు. చూసి చూసి, సాయంత్రం నేనే ఒకటి కోసుకెళ్లి మూత కింద కట్టి వచ్చాను. నన్ను వెలివేసే పాస్టరు లేడు గదా.

ఒక ఆదివారం కొలిమి ఆపి గుడి దాకా వెళ్లాను. గుడితో నీకేం పని అని అడక్కండి, నా కాయల దొంగలకు శిక్ష పడిందో లేదో చూసుకునే హక్కు నాకుంది. లోపల మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. మొగుడూ పెళ్లాం కలిసి కూర్చునే ఆచారం అక్కడ లేదు. తలుపు దగ్గర శిక్ష పడ్డవాళ్లకు మాత్రం ఒకటే చాప. దాని మీద కోటు వేసుకున్న యేసురాజు, పక్కనే కృపామణి. ఇద్దరికీ కలిపి ఒకటే పాటల పుస్తకం. ఆమె పట్టుకుంది, అతను మూడు వేళ్లతో పేజీ తిప్పుతున్నాడు.

ఆరు నెలలు నిండిన ఆదివారం పాస్టరుగారు ఇద్దరినీ పేరు పెట్టి ముందుకు పిలిచారట. వినబడనట్టు ఇంకో రెండు వారాలు వాళ్లు ఆ చాప మీదే కూర్చున్నారు.