పార్కింగ్ దొరకలేదు

శుక్రవారం వచ్చిందంటే చాలు, బోగ్నా కాలు గదిలో నిలవదు. సెప్టెంబరులో ఒక ఏడాది చదువుకోడానికని పోలండ్ నుంచి స్ట్రాస్‌బుర్గ్ వచ్చిన పిల్ల, అక్టోబరు అయ్యేసరికి తొమ్మిది ఊళ్లు తిరిగేసింది. గెంట్ వెళ్లింది, తూరిన్ వెళ్లింది, ల్యుబ్లియానా వెళ్లింది. తిరిగిందే తప్ప ఎక్కడా కుదురుగా కూర్చుని ఒక కప్పు కాఫీ తాగిన పాపాన పోలేదు. ఊళ్లో దిగిన గంటకల్లా తర్వాతి బస్సు ఎన్నింటికో చూసుకునేది. గెంట్‌లో ఏముందని అడిగితే వానపడిందని చెప్పేది.

"నీ మంచం నన్నడుగుతోందే, ఈవిడ అసలు బతికుందా అని," అనేది గదిలో ఉండే ఉషియా. ఆ అమ్మాయిది స్పెయిన్ వాయవ్య మూల. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"ఉందని చెప్పు. ఆదివారం వస్తానని చెప్పు."

"ఆదివారం సాయంత్రం వస్తావు, సోమవారం పొద్దున్నే మళ్లీ టికెట్లు వెతుకుతావు. కాలుగాలిన పిల్లివి. ఎవరైనా తరుముతున్నారేంటే నిన్ను?"

బోగ్నా నవ్వేసి సంచీ భుజాన వేసుకునేది. ఎవరూ తరమడం లేదు. ఫిబ్రవరిలో వాళ్లమ్మ దనుత పోయింది, అంతే. ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చున్న మనిషి, పదకొండు రోజుల జబ్బుతో వెళ్లిపోయింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అడుగుపెట్టాలంటే బోగ్నాకి ఊపిరాడదు. వేసవంతా హాస్టల్లోనే గడిపి, అట్నుంచి అటే ఫ్రాన్స్ బస్సెక్కింది.

తండ్రి జెనోన్‌ది ఇంకో రకం పరుగు. ఆయన లారీ డ్రైవరు. ఇరవై ఆరేళ్లుగా యూరప్ అంతా తిరిగాడు గానీ ఆయనకి తెలిసిన యూరప్ వేరు. అందులో కోటలూ చర్చీలూ ఉండవు, పార్కింగ్ స్థలాలుంటాయి. లారీలో ఒక యంత్రం ఉంటుంది, అది నాలుగున్నర గంటలు నడిపాక ముప్పావుగంట ఆగమంటుంది. భార్య పోయాక ఆయన ఆ యంత్రం గద్దిస్తే తప్ప ఆగడం మానేశాడు. ఇంటికి దగ్గరి సరుకులన్నీ వేరేవాళ్లకి వదిలేసి దూరాభారాలు అడిగి మరీ తీసుకుంటున్నాడు.

తండ్రీకూతుళ్లు ఫోన్లో మాట్లాడుకునేది ఇదీ:

"ఎక్కడున్నావు తల్లీ?"

"లియోన్‌లో."

"లియోనా! ఊరికి దక్షిణంగా ఉన్న పార్కింగ్‌లో స్నానానికి మూడు యూరోలు తీసుకుంటారు. సబ్బు రుద్దుకునేసరికి వేణ్ణీళ్లు అయిపోతాయి. జాగ్రత్త."

"నాన్నా, నేను లారీలో రాలేదు."

"అవునవును. మరి ఏం చూశావు?"

"చర్చి."

"ఎత్తుగా ఉందా?"

"ఉంది."

అంతే, పెట్టేసేవాళ్లు. 'ఎక్కడున్నావు' అన్నది నిజానికి దనుత మాట. ఆమె పోస్టాఫీసు మెట్ల మీద నిలబడి రోజూ ఇద్దరికీ ఫోన్ చేసి అడిగేది. ఇప్పుడు వీళ్లు ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు గానీ ఆమె పేరు మాత్రం ఎత్తడం లేదు.

వాళ్ల వైపు నవంబరు ఒకటో తారీఖు పోయినవాళ్లని తలుచుకునే పండుగ, ఆ రోజు ఊరంతా సమాధుల తోటలోనే ఉంటుంది. వారం ముందే రాళ్లు తోమి, ఆకులూడ్చి, చామంతి కుండీలు సర్దుతారు. ఆ రోజు గాజు దీపాలు వెలిగిస్తారు. వెలిగించి ఊరుకుంటారా, పక్కవాళ్ల సమాధి మీద ఎన్ని వెలిగాయో లెక్క చూస్తారు. దనుత ఈ లెక్కల్లో ఆరితేరిన మనిషి. "చూడవే, ఆ ముసలాయనకి ముగ్గురు కొడుకులు, ఒక్క దీపం. అందరూ ఇంగ్లండులో ఊడబొడుస్తున్నారు," అని కూతురి చెవిలో గొణిగేది.

అక్టోబరు నడిమధ్యలో ఒక రోజు జెనోన్ అడిగాడు. "ఒకటో తారీఖుకి వస్తావా తల్లీ?"

"సోమవారం పరీక్షుంది నాన్నా." నోట్లోంచి అబద్ధం నున్నగా జారింది. పండుగ వారమంతా యూనివర్సిటీకి తాళమే.

"పర్లేదు, పర్లేదు. నేనుంటాగా. బుధవారానికల్లా ఇంట్లో ఉంటా. రాయి కడిగి, పూలు పెట్టి, దీపాలన్నీ నేనే చూసుకుంటా. నువ్వు చదువుకో."

హమ్మయ్య అనుకుంది బోగ్నా. ఆ సాయంత్రమే మిలాన్‌కి టికెట్ తీసుకుంది.

ఒకటో తారీఖు శుక్రవారం పడింది. పొద్దున తొమ్మిదింటికి ఆమె బస్టాండులో అటూ ఇటూ తిరుగుతోంది. బస్సు రావడానికి పది నిమిషాలుంది, ఆ పది నిమిషాలూ గడవడం లేదు. అప్పుడు మోగింది ఫోన్. చేసింది చెస్వావ పిన్ని, వాళ్ల పక్కింటావిడ.

"బోగ్నా, మీ నాన్నెక్కడే?"

"అక్కడే కదా పిన్నీ, ఇంట్లో."

"ఇంట్లోనా! మీ గేటుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. మీ అమ్మ మీద ఆకులు బెత్తెడు మందాన పడున్నాయి. ఒక్క దీపం లేదు, ఒక్క పువ్వు లేదు. ఊరంతా ఆ దారమ్మటే పోతోందే!"



"నాది ఒకటి వెలిగిద్దామని వంగాను," అంది చెస్వావ గొంతు తగ్గించి. "మళ్లీ ఆగిపోయా. మొదటి ఏడాది, మొదటి దీపం. పక్కింటిదాన్ని నేను పెడితే, సొంతవాళ్లు రాలేదని నలుగురికీ నేనే చాటినట్టవుతుంది. ఏం చెయ్యమంటావో చెప్పు."

"ఉండు పిన్నీ, ఇప్పుడే చెప్తా," అని పెట్టేసి తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా, ఎక్కడున్నావు?"

"ఎక్కడేంటి తల్లీ, అమ్మ దగ్గరే. ఇసకేస్తే రాలనంత జనం. నాలుగు దీపాలు పెట్టాను, బ్రహ్మాండంగా వెలుగు…"

వెనక నుంచి ఎవడో గావుకేక పెట్టాడు. "జెనోన్! పులుసు మరిగింది, గిన్నె పట్రా!"



"సమాధుల తోటలో పులుసు వడ్డిస్తున్నారా నాన్నా?"

"అదీ… అది సరేగానీ, నువ్వు లైబ్రరీలోనేనా? బాగా చదువుతున్నావా?"

సరిగ్గా అప్పుడే బోగ్నా నెత్తిమీద మైకు ఖంగుమంది. మిలాన్ బస్సు నాలుగో నంబరు దగ్గరికి వచ్చిందట. చెప్పింది ఫ్రెంచిలోనే గానీ, ఇరవై ఆరేళ్లుగా యూరప్ తిరుగుతున్న డ్రైవరుకి ఆ మాత్రం అర్థం కాదా?

"లైబ్రరీ మిలాన్ పోతోందా తల్లీ?" అన్నాడు జెనోన్.

బోగ్నాకి తల తీసేసినంత పనైంది. కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలీని కోపం.

"ఎక్కడున్నావు నాన్నా? నిజం చెప్పు."

"కేల్‌లో. రైన్ నదికి ఇవతల, రేవు పక్క పార్కింగ్‌లో. నిన్న రాత్రి ఒక్క పావుగంట ఆలస్యమై నది దాటలేకపోయా. పండుగ కదా, ఇవాళ రాత్రి పది దాకా అటు ఫ్రాన్స్‌లోనూ ఇటు జర్మనీలోనూ లారీ కదపనివ్వరు."

కేల్! ఆమె గది దగ్గర ట్రామెక్కితే ఇరవై నిమిషాలు. యూరప్ అంతా తిరిగి ఈ మనిషి తన ఇంటి వెనకే ఇరుక్కున్నాడు. బస్సు డ్రైవరు తల బయటపెట్టి "ఎక్కుతావా అమ్మాయ్?" అన్నాడు. ఆమె అడ్డంగా తలూపింది.

దారిలో పూల దుకాణం ముందు చామంతులు వరసలు తీరి ఉన్నాయి. ఒక పసుపుపచ్చ కుండీ కొని ఒళ్లో పెట్టుకుని ట్రాములో కూర్చుంది. కూర్చోలేక లేచి నిలబడింది. దిగాక రేవు రోడ్డు మీద నడక కాదు, పరుగే.

లారీలు పశువుల సంతలోలాగా పక్కపక్కనే నిలబడున్నాయి. చెప్పులేసుకుని, చేతిలో పులుసు గిన్నెతో జెనోన్ ఎదురొచ్చాడు. మనిషి సగమయ్యాడు. కుండీకేసి చూసి, "ఎవరికి?" అన్నాడు.

"అమ్మకి."

"ఇక్కడ ఎక్కడ పెడతావు తల్లీ?"

ఆ మాటతో బోగ్నా బద్దలైంది. "ఉంటానన్నావుగా! అన్నీ నేనే చూసుకుంటానన్నావుగా! ఎందుకు అబద్ధం చెప్పావు?"

"నువ్వెందుకు చెప్పావు?"

"నువ్వుంటానన్నావని!"

"నువ్వు రానన్నావని! నువ్వుంటే నీ చెయ్యి పట్టుకుని వెళ్దామనుకున్నా. ఒక్కణ్ణీ నా వల్ల కాలేదు."

పక్క లారీ అతను గరిటె పట్టుకుని మెల్లిగా అవతలికి జారుకున్నాడు. జెనోన్ ఏం చెయ్యాలో తోచక కూతుర్ని క్యాబిన్‌లోకి ఎక్కించాడు. ఎక్కి చూస్తే పక్క సీటు ఖాళీగా లేదు. పెద్ద ఎర్ర గాజు దీపం ఒకటి, సీటు బెల్టు పెట్టుకుని కూర్చునుంది.

"ఇదేంటి?"

"మనూళ్లోనే కొన్నా. మంగళవారం. సరుకెత్తుకుని తోట గేటు దాకా వెళ్లాను."

"మరి?"

"పార్కింగ్ దొరకలేదు."

బోగ్నా తండ్రి మొహంలోకి చూసింది. నేపుల్స్ సందుల్లో నలభై టన్నుల బండిని వెనక్కి నడిపి నిలబెట్టిన మనిషి. మంచు కురుస్తుంటే ఆల్ప్స్ వంపులో తిప్పిన మనిషి.

"మంగళవారం పొద్దున, సమాధుల తోట ముందు, పార్కింగ్ దొరకలేదా?"

జెనోన్ స్టీరింగు మీద దుమ్ము లేకపోయినా తుడిచాడు. "దొరికింది. ఖాళీగానే ఉంది. ఇంజనాపితే దిగాలి. దిగితే లోపలికెళ్లాలి. వెళ్తే పేరు చదవాలి. రాయి మీద పేరు చెక్కాక నేను చూళ్లేదు తల్లీ. ఆపకుండానే వచ్చేశా. ఇదిగో, మూడు రోజుల్నుంచి ఈ దీపాన్ని తిప్పుతున్నా. వెనక అరవై సోఫాలున్నాయి, నాకు కూర్చోబుద్ధి కావడం లేదు."

"నేనూ చూళ్లేదు," అంది బోగ్నా. చెప్పి ఏడ్చేసింది. ఫిబ్రవరిలో చుట్టాల మధ్య రాని ఏడుపు, లారీ క్యాబిన్‌లో వచ్చింది. ఆయనా ఏడ్చాడు. పులుసు చల్లారిపోయింది.

కాసేపయ్యాక ఆమె ముక్కు తుడుచుకుని ఫోన్ తీసింది. రెండు నెలల్లో ఆమె గట్టిగా నేర్చుకున్నది ఏదైనా ఉందంటే బస్సులు వెతకడమే. "రేపు ఇంకా ఉంది నాన్నా. రేపు మృతుల రోజేగా. రెండింటికి బస్సుంది. లుబ్లిన్‌లో మారితే రేపు మధ్యాహ్నానికి ఊళ్లో ఉంటా."

"ఒక్కదానివేనా?"

"నువ్వు రాగలవా?"

ఆయన వెనక్కి తిరిగి, సోఫాలు కనబడకపోయినా అటు చూసి, తల దించుకున్నాడు. తర్వాత దీపం బెల్టు విప్పి, తన స్వెటర్‌లో చుట్టి ఆమె సంచీలో పెట్టాడు. ఫోన్ తీసి చెస్వావకి కలిపాడు.

"చెస్వావా, మేమిద్దరం వెధవలం. తిట్టు, పడతా. అయ్యాక విను. నువ్వు దీపం పెట్టకు, ఆకులు ఊడవకు. పిల్ల వస్తోంది. ఎవరైనా అడిగితే రేపు వచ్చి చూడమను."

అవతల ఆవిడ చాలాసేపు తిట్టింది. ఆయన బుద్ధిగా విన్నాడు.

బస్సులో బోగ్నాకి కంటిమీద కునుకు లేదు. డ్రెస్డెన్ స్టాండులో ఆగినప్పుడు పక్కన ప్రాగ్ బస్సు తలుపులు తెరిచి నిలబడింది. దిగి దాన్లోకి దూకేద్దామనిపించింది, నిజంగానే లేచి రెండడుగులు వేసింది కూడా. భుజం మీంచి సంచీ జారబోతే పట్టుకుని మళ్లీ కూర్చుంది. కూర్చుని బెల్టు పెట్టుకుంది. సంచీకీ పెట్టింది.

మర్నాడు రెండున్నరకి తోటలో ఉంది. చెస్వావ చీపురూ బక్కెటూ అందించి, దూరంగా వెళ్లి నిలబడింది. బోగ్నా ఆకులూడ్చింది. రాయి కడిగింది. చామంతి కుండీ, ఎర్ర గాజు దీపం పెట్టింది. గాలికి రెండు అగ్గిపుల్లలు ఆరిపోయాయి, మూడోది అంటుకుంది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు, చూడనీ అనుకుంది.

ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావు తల్లీ?"

"అమ్మ దగ్గర."

 "పేరు చదువు," అన్నాడు.

ఆమె చదివింది. "దనుత విల్గోష్." పుట్టిన ఏడు చదివింది, పోయిన ఏడు చదివింది. మధ్యలో తడబడితే మళ్లీ మొదట్నుంచీ చదివింది.

"తప్పుల్లేకుండా చెక్కారా?"

"చెక్కారు." అప్పుడు గమనించింది. "నాన్నా, ఇంజను చప్పుడు లేదేం?"

"ఆపాను. ఫ్రాన్స్ దక్షిణాన, వాలెన్స్ ఊరు దాటాక."

"ఆగే టైమయిందా?"

"లేదు, ఇంకా గంటపైనే ఉంది. ఊరికే ఆపాను."

బోగ్నా రాయి పక్కన తడి నేల మీదే కూర్చుంది.

"పార్కింగ్ దొరికిందా నాన్నా?"

"దొరికింది తల్లీ."