ఈశాన్యంలో బోరు

చపాతీ పిండి కలుపుతూ, గూట్లో పెట్టిన చిన్న సీసాను మా ఆయన నరేశ్‌కు మోచేత్తోనే చూపించాను. "అక్కయ్యోళ్ల బోరు పది నిమిషాలు నడిపి, తర్వాత నింపు. మూత లోపలికి వేలు తగలొద్దు" అన్నాను. నేను స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఒక ఊళ్లో ఏఎన్ఎంని. తాగునీళ్ల పరీక్షకు మాకు ఇచ్చే సీసా అది. నీళ్లు పోసి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లబడతాయి. ఆ రోజు టీకాల రోజు కాకపోతే నేనే వెళ్లేదాన్ని. నరేశ్ సీసాను వెలుతురుకు పట్టి నవ్వాడు. "మా అక్క పన్నెండేండ్లు తాగింది గవే నీళ్లు. నర్సమ్మకు ఇప్పుడొచ్చింది అనుమానం."

ఆ ఇల్లు నా ఆడబిడ్డ సుమలతది. పిల్లల చదువులకని హనుమకొండ వెళ్లిపోతూ అమ్మకానికి పెట్టారు. "బయటోళ్లకెందుకు, తమ్ముడే తీసుకుంటడు" అంది అత్తమ్మ. నరేశ్ ఎరువుల దుకాణంలో పని చేస్తాడు, బ్యాంకుకు చూపడానికి జీతం చీటీ ఉండదు. చీటీ ఉన్నది నాకు. అప్పు ఇరవై ఏళ్లు నా జీతంలోంచి కట్టాలి, రిజిస్ట్రేషన్ మాత్రం నరేశ్ పేరు మీద. "మగోని పేరు మీదుంటెనే ఇల్లంటరు" అని అత్తమ్మ అన్నప్పుడు కూడా తలూపాను. మొగుళ్లపల్లి దగ్గర మా ఊళ్లో బడికి పోయేముందు బోరింగు నుంచి పది బిందెలు మోసిన దాన్ని. వంటింట్లో నిలబడి కుళాయి తిప్పితే నీళ్లొచ్చే ఇల్లు ఒకటి కావాలని నాకు చాలా కాలంగా ఉంది.

సీసా సంగతికి ముందే బ్యాంకు పంపిన ఇంజనీరు వచ్చి గోడలు కొలిచాడు, ఫొటోలు తీశాడు, మోటరు వేయించి నీళ్లు రావడం చూసి రాసుకుని వెళ్లాడు. వాస్తు చూసే ఆయన వచ్చి ఈశాన్యంలో బోరు, వాయవ్యంలో సెప్టిక్ ట్యాంకు, ఇంతకన్నా ఏం కావాలన్నాడు. వాళ్లు మాట్లాడుకుంటుంటే నేను గోడ మీంచి అవతలికి చూశాను. తూర్పు పక్కన కొమురవ్వ ఇల్లు. అదీ వాస్తు ప్రకారం కట్టిందే. ఆమె వాయవ్య మూల, మా ఈశాన్య మూల ఒకే గోడకు ఆనుకుని ఉన్నాయి. ఆమె సెప్టిక్ ట్యాంకు గొట్టం గోడ పక్కనే నిలబడి ఉంది. అక్కడి నుంచి మా బోరుకు నా అడుగుల్లో ఆరడుగుల దూరం కూడా లేదు. ఎవరి ఇంట్లో వాళ్లు సరైన మూలే చూసుకున్నారు. ఆ మాట అంటే వాస్తు ఆయన "పక్కింటిది మన లెక్కలకు రాదమ్మా" అన్నాడు. బండి మీద వస్తూ నరేశ్ "నలుగురి ముంగట నీ సదువు సూపెట్టుడు అవసరమా?" అన్నాడు. నీళ్లు పరీక్ష చేద్దాం, నల్లబడితే సంతకం పెట్టను అని ఒక్క మాటే చెప్పాను. సరేనన్నాడు.

సీసా నల్లబడలేదు. రెండు రోజులు రోజుకు నాలుగుసార్లు చూశాను. నా పక్కన నిలబడి నరేశ్ కూడా చూశాడు. "గిప్పుడన్న నమ్ముతవా?" అంటే సిగ్గుపడ్డాను, తప్పయిందన్నాను.

ఆదివారం అత్తమ్మ నన్ను ఆ ఇల్లు కడగడానికి పంపింది. వాకిట్లో పైపు పట్టుకుని ఉంటే కొమురవ్వ గోడ అవతలి నుంచి పిలిచింది.

"బిడ్డా, తాగనీకి నీళ్లు తెచ్చుకున్నవా? గా బోరు నీళ్లు నోట్లె వెట్టకు."

"పరీక్ష చేసినం అవ్వా. మంచిగనే ఉన్నయ్."

"ఏ నీళ్లు చేసిన్రు? మీ ఆయన సీసల పట్టుకపోయింది మా క్యాను నీళ్లు గదా. మోటరు కాలిందన్నడు."

నా చేతిలో పైపు ధారగా పారుతోంది. కొమురవ్వ దాన్ని చూసింది, నన్ను చూసింది, గొంతు తగ్గించింది. "వానలు వడితె వాసనొస్తది బిడ్డా. సుమలతకు రెండుమాట్ల కామెర్లయినయ్, పెద్దపిల్లకు ఒకమాటు. గందుకే గదా వాళ్లు పోవుడు."

ఇంట్లో ఒక నర్సు ఉండగా మూడుసార్లు కామెర్లు వచ్చాయి, నాకు ఒక్కసారీ చెప్పలేదు. సుమలత వదిన చిక్కిపోతే దిష్టి అన్నారు. అక్కడే మెట్టు మీద కూర్చుని వదినకు ఫోన్ చేశాను. కామెర్ల మాట నిజమేనా అని అడిగాను. "నరేశ్ నీకు చెప్తనన్నడు రూపా. అమ్మ గూడ, ఆమె నర్సేనాయె, నీళ్లల్ల ఇన్ని క్లోరిన్ బిళ్లలేసుకుని కాగవెట్టుకుంటది, ఏమైతది అన్నది" అంది.

నల్లబడే నీళ్లే తెచ్చి, అయినా కొందామని నరేశ్ అడిగి ఉంటే కొట్లాడుకునేవాళ్లం. చివరికి నేనే ఒప్పుకునేదాన్నేమో కూడా. అతను తేటనీళ్లు తెచ్చాడు. నేను వంగి చూస్తుంటే పక్కన నిలబడి తనూ వంగి చూశాడు. నేను తప్పయిందంటే ఆ మాటను కూడా తీసుకున్నాడు. పిండి చేతుల్తో జాగ్రత్తలు చెబుతున్నప్పుడే, వీళ్ల ముగ్గురి మధ్యా నా ఇరవై ఏళ్ల జీతం, రోజూ నీళ్లు కాగబెట్టే నా చేతులు ఖర్చయిపోయి ఉన్నాయి. ఇల్లు మొత్తం కడిగి తాళం వేశాను. ఇంటికి వచ్చి అన్నం వండి అత్తమ్మకు, నరేశ్‌కు వడ్డించాను. ఎవరూ నా మొహం చూడలేదు, కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

సోమవారం జనగామ బ్యాంకులో నరేశ్ కాగితాలు నా ముందుకు జరిపి "గిక్కడ, గిక్కడ" అని వేలితో చూపించాడు. మేనేజరు కంప్యూటర్ నుంచి తల ఎత్తకుండానే "అంతా చూసుకున్నరు గదమ్మా?" అన్నాడు.

"చూసుకున్న సార్. గీ ఇల్లు నాకొద్దు."

"రూపా, జర బయటికి రా, మాట్లాడుదాం" అన్నాడు నరేశ్, నవ్వు మొహం చెదరకుండా.

మేనేజరు ఇప్పుడు తల ఎత్తాడు. నేను కాగితాలు నరేశ్ వైపు జరిపి, కుర్చీ బల్లకు దగ్గరగా లాక్కున్నాను.

"నా ఒక్కదాని పేరు మీద వేరే ఇల్లు కొనాలంటే, ఏమేం కాగితాలు కావాలి సార్?"