ఏ చెట్టుదీ కాని ఆకు

ఆ ఆకు బాగుందని ప్రెస్సులో అందరూ అన్నారు. రెండేళ్ల కిందట, ఆకుల పొడి చేసి అమ్మే పొడుల బాబాయ్ తన మొదటి డబ్బాకు లేబులు కావాలని వచ్చినప్పుడు, అక్కడ లేబుళ్లు తయారుచేసే ఆమె కాగితం మీద పెన్సిలుతో అలవోకగా గీసింది. మూడు ఈనెలు, కొసన ఒక నీటిబొట్టు. అది ఏ చెట్టు ఆకూ కాదు. ఎవరూ అడగలేదు.

ఇప్పుడాయన మళ్లీ వచ్చాడు. ఈసారి డబ్బా పెద్దది.

"ఆ ఆకునే ఇంకాస్త పెద్దది చెయ్యమ్మా. పైన 'పూర్తిగా ప్రకృతి నుంచే' అని వెయ్యి. జనం ఆకును చూసే కొంటున్నారు," అన్నాడు కుర్చీ లాక్కుంటూ.

"తెలుసు బాబాయ్. మా అక్కా అలాగే కొంది."

అక్క పోయి మూడు నెలలైంది. అక్క బీపీ బిళ్లలు మానేసి ఈ పొడి మొదలుపెట్టిన సంగతి చెల్లెలైన ఆమెకు ముందే తెలుసు. ఒకసారి అడిగింది కూడా. అక్క నవ్వింది.

"పొద్దున్నే ఆ బిళ్ల చేతిలో వేసుకుంటే, నువ్వు రోగిష్టిదానివే అని గుర్తుచేస్తుందే. ఆ డాక్టరేమో తలెత్తి చూడడు. ఇదైతే ఇంట్లో చేసుకున్నదేదో తాగినట్టుంటుంది. పైగా ఆ బాబాయ్ నిద్ర పట్టిందా అని అడుగుతాడు. అయినా డబ్బా మీద ఆకు వేసింది మా పిచ్చి చెల్లెలే కదా, ఇంకేం భయం?"

తనూ నవ్వి ఊరుకుంది. ఒక సోమవారం పొద్దున స్నానాల గది గడియ విరగ్గొట్టాల్సి వచ్చింది. తలలో నరం చిట్లిందన్నారు. అక్క మాటకు అప్పుడు నవ్వి ఊరుకోవడమే ఇప్పటికీ ఆమెకు మింగుడుపడటం లేదు.

అక్క పేరూ, జరిగినదీ ఆమె చెప్పింది. పొడుల బాబాయ్ ముఖం వాడిపోయింది. "ఆవిడ మీ అక్కా? మంచి మనిషమ్మా. కానీ నా పొడి ఎవరికీ హాని చెయ్యదు. నేనూ రోజూ అదే తాగుతాను."

"మీ పొడి ఏమీ చెయ్యలేదు బాబాయ్. నేననేదీ అదే."

లోపలి నుంచి ఓనరు వచ్చాడు. "ఏంటమ్మా ఆలస్యం? ఆకు కొత్తగా మొలవాలా ఏంటి?"

ఆమె కంప్యూటరు తెరను వాళ్లిద్దరి వైపూ తిప్పింది. లేబులు మీద ఆకు లేదు. ఆకు ఉన్నంత మేరా పెద్ద అక్షరాలతో ఒక వాక్యం ఉంది: 'ఇది వాడుతున్నామని డాక్టరిచ్చిన మందులు మానకండి.'

"ఇలాంటి మాట ఎవరైనా వేస్తారా? కొనేవాళ్లు పారిపోరూ?" అన్నాడు ఓనరు.

"పారిపోతే ఆసుపత్రి వైపే పారిపోతారు సార్."

"నీ మాటలకేం గానీ, ఆ పాత ఆకు తియ్యి. నేనే పెడతాను."

"చెరిపేశాను. పెన్సిలుతో గీసిన కాగితం ఇంట్లో ఉంది. ఇవ్వను. పాత డబ్బా చూసి ఇంకెవరితోనైనా గీయించుకోండి. నా చేత్తో మాత్రం జరగదు."

"నీకు ఉద్యోగం చెయ్యాలని ఉందా, లేదా?"

"ఉంది సార్. అందుకే కూర్చున్నాను."

పొడుల బాబాయ్ కళ్లజోడు సవరించుకుని, పెదవులు కదుపుతూ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

"కింద ఎక్కడో ఒక మూల, చిన్నదైనా ఆకు పెట్టవచ్చు కదమ్మా," అన్నాడు మెల్లగా.

"పెడతాను. ఏ చెట్టు ఆకు?"

ఆయన పొడిలో పదకొండు రకాల ఆకులున్నాయి. ఆ మూడు ఈనెల ఆకు అందులో లేదు.

ఆమె ఒక తెల్లకాగితం, పెన్సిలు ఆయన ముందుకు జరిపింది. "ఆ పదకొండింటిలో ఏదైనా ఒకటి మీరే గీయండి. ఉన్నది ఉన్నట్టు పెడతాను. ఈ వాక్యం కింద."

పెన్సిలు బల్ల మీదే ఉండిపోయింది. ఓనరు గోడ గడియారం వంక చూశాడు. ఆమె తెరను తన వైపు తిప్పుకుని, ఆ వాక్యాన్ని ఇంకాస్త పెద్దది చేసింది.