మొదటి బంతిలో నేనొక్కదాన్నే

కోత పండగ నాడు మా చర్చిలో ప్రేమవిందు. ఆరాధన అయ్యాక సంఘమంతా షామియానా కింద బంతులు తీరి భోంచేస్తాం. కళింగపట్నం చేపలతో పులుసు. రెండో బంతికి తలకాయలే మిగులుతాయని అందరికీ తెలుసు కాబట్టి ఏటా మొదటి బంతికి తోపులాటే. పోయినేడు ఆ తోపులాటలో పాస్టరుగారి కళ్ళజోడు విరిగింది. అందుకే ఈసారి ఆయన గంటసేపు తగ్గింపు మీద ప్రసంగం చేశారు. ఎదుటివాణ్ణి మనకంటే పెద్దగా చూడాలట, అది ఈ రోజు విస్తరి దగ్గరే మొదలెట్టాలట.

మా ఆయన నారాయణమూర్తి సంఘపెద్ద. సుగరు మనిషి. ఇన్సులిన్ సూది వేసుకున్నాక వెంటనే నాలుగు మెతుకులు పడాలి, లేకపోతే కళ్ళు తిరిగి పడిపోతారు. ఒకసారి పడ్డారు కూడా, నా ప్రాణం పోయినంత పనయింది. ఆ రోజు విస్తళ్ళు వేయడం చూసి చర్చి వెనక్కి వెళ్ళి సూది పొడుచుకొచ్చారు. తీరా చూస్తే విస్తళ్ళ ముందు ఒక్క పురుగు లేదు. జనమంతా గోడకి ఆనుకుని, ముందు మీరంటే ముందు మీరని ఒకరికొకరు దండాలు పెట్టుకుంటున్నారు.

ఈయనకి సుగరు, ముందు కూర్చోనివ్వండి అని నేనే అందరికీ చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు, ఈయన తప్ప.

"నా సుగరుదేటుంది. నీ గేస్ట్రిక్ పెద్దది, ముందు నువ్వు కూకో బావా," అన్నారు పక్కనున్న దేవేంద్రతో.

దేవేంద్ర ససేమిరా అని లక్ష్మణమ్మ మోకాళ్ళ నొప్పుల్ని ముందుకు తోశాడు. ఆవిడ ఇంకెవరి బీపీనో చూపించింది. ఊళ్ళో ఇన్ని రోగాలున్నాయని నాకు ఆ రోజే తెలిసింది. పాస్టరుగారిని అడిగితే కాపరి ఆఖర్న తినాలన్నారు. ప్రసంగం ఇంతగా ఫలించిందని ఆయనకి కళ్ళనీళ్ళు ఆగడం లేదు. అందరూ రెండో బంతికే కూర్చుంటామంటే, మొదటి బంతి లేవందే రెండో బంతికి గరిటె ముంచేది లేదన్నారు వడ్డించేవాళ్ళు.

ఈలోగా మా ఆయన నుదుటి మీద చెమట పట్టింది. సంచిలోంచి చాక్లెట్ తీసి చేతిలో పెడితే, పిల్లలు ముందని ఎవరి పిల్లకో ఇచ్చేశారు. చేతులు వణకడం మొదలైంది. చూసేవాళ్ళు పరిశుద్ధాత్మ దిగిందనుకుని స్తోత్రం చెప్పారు. అది సుగరు పడిపోవడమని నాకు మాత్రం తెలుసు.

ఇంక లాభం లేదని వెళ్ళి మొదటి విస్తరి ముందు కూర్చున్నాను. సంఘపెద్ద పెళ్ళానికి ఇంత తిండియావ ఏమిటని లక్ష్మణమ్మ అనడం నాకు వినిపించింది. తల ఎత్తకుండా, వడ్డించినదాంట్లో నాలుగు ముద్దలు గబగబా మింగి, ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాను.

"మొదటి బంతి అయిపోనాది. రెండో బంతోలు కూకోండి," అన్నాను.

అంతే. రెండో బంతికి సిగ్గేముంది? గోడ దగ్గరున్న జనమంతా ఒక్కసారే విస్తళ్ళ మీద పడ్డారు. దేవేంద్ర లక్ష్మణమ్మని దాటుకుని వెళ్ళి పులుసు గిన్నె దగ్గర చోటు పట్టాడు. నేను మా ఆయన చొక్కా పట్టుకుని లాక్కెళ్ళి కూలేశాను. ముద్ద కలిపి నోటి దాకా తీసుకెళ్ళాల్సి వచ్చింది. పది ముద్దలు పడ్డాక చెమట ఆరింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. తినేశాక ఏడుస్తున్నాను కాబట్టి పశ్చాత్తాపం అనుకున్నారు.

సాయంత్రం ఇంట్లో కుటుంబ ప్రార్థన. ఆయన మోకరించి కళ్ళు మూసుకున్నారు.

"ప్రబువా, నలుగురిలో మా ఆడది ఆకలికి ఆగలేకపోనాది. దానికి తగ్గింపు నేర్పించు తండ్రీ," అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక కన్ను తెరిచి చూశాను. మనిషి నిక్షేపంలా ఉన్నాడు. గొంతు కూడా ఖంగుమంటోంది.

ఆమెన్ అన్నాను.