పాపికొండల మీద నీలిమందు

నేను ఒక ఫోటోని. రాజమండ్రిలో ఒక కళాభవనం గోడకి, చెక్క ఫ్రేములో వేలాడుతుంటాను. నాలో పాపికొండలు, గోదావరి, వానకు ముందరి ఆకాశం ఉన్నాయి. నన్ను తీసినవారు పేర్రాజు గారు. రంగుల విషయంలో ఊళ్లో ఆయన కన్ను చెప్పిందే వేదం. ఆయనకున్న ఆస్తీ, గర్వమూ కూడా అదే.

తీసిన పూట నేను బూడిద రంగులో, మెత్తగా ఉన్నాను. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్న పేర్రాజు గారికి మాత్రం మరీ చప్పగా కనిపించాను. కాంట్రాస్ట్ పెంచారు. చాల్లేదనిపించి మళ్లీ పెంచారు. ఆకాశానికి నీలం దట్టించారు. నీలిమందు డబ్బా బోర్లించినట్టుందని ఆయన భార్య మంగతాయారు గారు నసిగారు. ఆయన పట్టించుకోలేదు.

ప్రదర్శనలో నా ముందు జనం రెండు జట్లయ్యారు. కళ్లు చెదిరిపోతున్నాయని ఒక జట్టు విసుక్కుంది, సరిగ్గా అందుకే రెండో జట్టు మెచ్చుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గోదావరిని చూస్తున్నవాళ్లు కూడా అది ఏ రంగులో ఉంటుందో తేల్చుకోలేకపోయారు. ఒకాయనకి నాలో తిరుగుబాటు కనిపించిందట. నాకైతే ఆ సంగతి తెలియదు. చివరికి మెచ్చుకున్నవాళ్ల మాటే నెగ్గి, నన్ను కళాభవనంలో శాశ్వతంగా పెట్టాలని తీర్మానించారు. అందాకా నన్ను ఇంటికి తెచ్చి హాల్లో తగిలించారు.

ఈలోగా పేర్రాజు గారికి శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక వచ్చి నా ముందు నిలబడ్డారు. ఆ ముఖం చూసి నాకే జాలేసింది.

"నీకు మొదట్నుంచీ ఇలాగే కనపడిందా?" అని భార్యని అడిగారు.

"చెప్పేను కదండీ. వంటింటి కళ్లతో చూడకన్నారు."

నన్ను తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లకి ఆయన ఏదీ దాచలేదు.

"ఈ రంగులు నావి కావండీ. నా కంట్లో శుక్లానివి. ఇది పెట్టకండి, ఇంకోటి చేసిస్తాను."

చేసి చూపించారు కూడా. బూడిద రంగు నీళ్లు, మసక కొండలు, ఆ రోజు ఉన్నవి ఉన్నట్టు. వాళ్లు మర్యాదగా చూసి, కళ తప్పిందన్నారు. నన్నే మోసుకెళ్లారు.

ఇప్పుడు రంగుల గురించి ఆయన్ని ఎవరూ అడగడం లేదు. ఆపరేషన్ తర్వాత పేర్రాజు గారి కన్ను దెబ్బతిందట. జనం నా ముందు నిలబడే ఆ మాట అనుకుంటున్నారు.