సరిగ్గా పడని మూత

ఆ ఆదివారం ఉదయం పార్కు దిగువ గేటు వద్ద హాజరైన వారిని, వచ్చిన వరుసలోనే పేర్కొంటాను. అందరికంటె ముందు నేను, చుట్టిన పటం ఒకటి చంకలో పెట్టుకొని. నా వెనుక మనుమరాలు. ఇంట్లో ఆమెను పిచ్చుక అంటాము, కారణం ఒక చోట నిలవకపోవడం. ఆ తరువాత మా అబ్బాయి, వృత్తిరీత్యా లిఫ్టులు బాగుచేసే ఇంజినీరు, అందరి నీళ్ళ సీసాలూ మోస్తూ. వాడి పక్కన కోడలు. మందుల షాపు నడుపుతుంది కనుక ఎక్కడికి వెళ్ళినా ఒక సంచీ నిండా కట్లు, లేపనాలు వెంట ఉంటాయి. చివరగా, అందరికీ బాగా వెనుక, ఒక చేత్తో కర్రనూ మరొక చేత్తో కారు తలుపునూ పట్టుకొని మా ఆవిడ.

ఆ వరుసలోనే ఒక విడ్డూరం ఉన్నది. ఈ వ్యవహారమంతా మొదలుపెట్టింది ఆ చివరి వ్యక్తిని నడిపించడానికి.

మా ఆవిడకు మోకాలి కీలు మార్చారు. శస్త్రచికిత్స దివ్యంగా జరిగిందని డాక్టరు చెప్పాడు. అయితే కీలు బాగున్నా ఆమెకు ధైర్యం రాలేదు. మంచం నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి మంచానికి గోడ పట్టుకొని తిరగడమే ఆమె ప్రపంచయాత్ర అయింది. వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు, చాలా మర్యాదస్తురాలు, చివరకు ఆ మర్యాద కాస్త పక్కన పెట్టి ఇలా అన్నది:

"అమ్మా, కాలు వంచి నడవకపోతే కీలు బిగుసుకుపోతుంది. వచ్చే నెల చివరి సోమవారం వచ్చి చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మత్తు ఇచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుంది. మళ్ళీ ఆసుపత్రే."

ఆ మాట విన్న రోజు నుంచి మా ఆవిడ నిద్రలో కూడా మోకాలిని రెండు చేతులతో పట్టుకొని పడుకొనేది. ఆసుపత్రి అంటే అంత భయం. నడకంటే అంతకు మించిన భయం. ఈ రెండు భయాల నడుమ బాల్కనీలో కూర్చొని ఎదురింటి వారు ఎప్పుడు వచ్చారో, ఎవరింటికి ఏ సామాను దిగిందో గమనిస్తూ కాలక్షేపం చేసేది. ఆ అలవాటును నేను ముప్ఫై ఏళ్ళుగా ఖండిస్తూనే ఉన్నాను.

"నాయనమ్మ నడవమంటే రాదు. వెతకమంటే వస్తుంది," అని పిచ్చుక ఒక ఆట తెచ్చింది. దాని పేరు జియోకాషింగ్. ఎవరో ఒక చిన్న డబ్బాను బహిరంగ స్థలంలో, కంటికి కనబడకుండా దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్టులో ప్రకటిస్తారు. ఆసక్తి ఉన్నవారు వెళ్ళి, వెతికి, లోపలి కాగితం మీద పేరు రాసి, డబ్బాను ఉన్నచోటనే ఉన్నట్టుగా పెట్టి రావాలి. దారిన పోయేవారికి అనుమానం రాకూడదు. నియమం అంతే.

అక్షాంశ రేఖాంశాలు అన్న మాట చెవిన పడగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. నేను భూమి సర్వే శాఖలో పనిచేసి, పర్యవేక్షకుడి హోదాలో పదవీ విరమణ చేసినవాడిని. నాయకత్వం ఎవరు వహించాలన్న ప్రశ్న తలెత్తనే లేదు. కనీసం నాకు వినబడేటట్టు తలెత్తలేదు.

నెల తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ ఈ పిచ్చి పట్టింది. వంతెన రెయిలింగు కింద ఒకటి, గ్రంథాలయం వెనుక పైపు లోపల ఒకటి, మొక్కల నర్సరీ గోడ సందులో ఒకటి కనిపెట్టాము. మా అబ్బాయి పొట్ట తగ్గింది. కోడలు రెండు జతల బూట్లు కొన్నది. నాకు ఆకలి పెరిగింది. మా ఆవిడ మాత్రం ప్రతిసారీ దగ్గరలోని బెంచీ చూసుకొని కూర్చొనేది. "మీరు వెళ్ళి రండి, నేను సామానుకు కాపలా ఉంటాను," అనేది. ఎవరి కోసం మొదలుపెట్టామో వారు తప్ప అందరం నడిచాము.

ఆ ఆదివారానికి మరునాడే ఫిజియోథెరపిస్టు చెప్పిన సోమవారం. కనుక ఎన్నిక చేసిన డబ్బా కూడా ఆలోచించి ఎన్నిక చేసినదే: పార్కు లోపల, వాలు దారి ఉన్నది, చదునుగా పరిచిన రాళ్ళు, పక్కన పట్టుకోవడానికి కడ్డీ. ఆమె ఈ ఒక్క వాలు ఎక్కితే చాలునని అందరి మనసులోనూ ఉన్నది. పైకి ఎవరూ అనలేదు.

"ఫోన్లన్నీ కట్టేయండి," అన్నాను గేటు వద్ద. "ఆరుబయటి కాలక్షేపంలో యంత్రాల జోక్యం ఉండరాదు. రాత్రి కూర్చొని పటం గీశాను. ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను."

"తాతగారూ, ఫోనులో బాణం గుర్తు చూపిస్తుంది కదా, దాని వెంట పోతే..."

"బాణం తప్పు చూపవచ్చు. పటం చూపదు."

"పటానికి ఛార్జింగు కూడా అక్కర్లేదు," అన్నాడు మా అబ్బాయి, నవ్వకుండా. నవ్వు ఆపుకొనే సమయంలో వాడి చెవులు కదులుతాయి. నేను గమనించాను.

అందరూ ఫోన్లు కట్టేశారు. ఎర్ర గుర్తు పార్కు ఆవలి గోడకు అవతల ఉన్నదని ప్రకటించి, గేటు నుంచి ఎడమకు తిరిగాను. పిచ్చుక వాలు దారి వైపు చూసింది.

"పార్కులో అని రాశారు కదా తాతగారూ?"

"దాచినవారు స్థూలంగా రాసి ఉంటారు. అంకెలు సూక్ష్మమైనవి."

మా ఆవిడ అప్పటికే వాలు మొదట్లోని బెంచీ మీద కూర్చున్నది. కర్రను పక్కన ఆనించి, నీళ్ళ సీసా మూత బిగించి చూసుకొన్నది. ఈ మూత సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. మా ఇంట్లో మూత అన్నది సామాన్య విషయం కాదు. కాఫీ పొడి డబ్బా మూత నేను ఒక పక్కకు ఒరిగించి వదిలివేసిన ప్రతి ఉదయం, "మూత పెట్టడం రాని మనిషి ఊళ్ళకు హద్దులు కొలిచాడట," అన్న మాట వంటింట్లో నుంచి వినబడుతుంది. సరిగ్గా పడని మూతను చూసి ఆమె ఊరుకోలేదు. పెళ్ళివారింట్లో భోజనం మధ్యలో లేచి వెళ్ళి ఎవరిదో నీళ్ళ బిందె మూత సర్ది వచ్చిన మనిషి.

"నువ్వు కూడా రావచ్చు కదోయ్, అడ్డంగా పోతే చదునే," అన్నాను.

"మీ వెంట వస్తే ఏ దేశం తేలతానో. వెళ్ళి రండి. మబ్బు పట్టింది, త్వరగా రండి."

ఎర్ర గుర్తు మమ్మల్ని ఒక డ్రైవింగ్ స్కూలు ఆవరణలోకి తీసుకొని వెళ్ళింది. నారింజ రంగు శంకువులు వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక కారు వాటి నడుమ వెనక్కి వస్తూ, ఆగుతూ, ఏడుస్తున్నట్టు శబ్దం చేస్తూ ఉన్నది. నేను హుందాగా ఒక్కొక్క శంకువునూ ఎత్తి కింద చూడసాగాను. కోడలు పాత టైర్లలో చేయి పెట్టింది. పిచ్చుక ప్రహరీ వెంట పాకింది.

శిక్షకురాలు, మెడలో ఈల వేసుకొన్న దిట్టమైన మనిషి, మా వైపు నడిచి వచ్చింది.

"ఏం పోయింది పెద్దాయనా?"

అనుమానం రానీయరాదన్నది ఆట నియమం. అబద్ధం ఆడరాదన్నది నా నియమం. "క్షేత్ర పరిశీలనలో ఉన్నాము," అన్నాను.

ఆమె ముఖం మారిపోయింది. "తనిఖీనా? ఆదివారం పూటా? అయ్యో, ముందుగా చెబితే కుర్చీలు వేయించేదాన్ని కదండీ! లైసెన్సు లోపలే ఉంది, ఒక్క నిమిషం. ఆ కారు బ్రేకు నిన్ననే బాగుచేయించాం, అడగండి కావాలంటే!"

"నాన్నగారూ, పదండి," అన్నాడు మా అబ్బాయి. ఈసారి చెవులతో బాటు భుజాలు కూడా కదులుతున్నాయి.

"శంకువుల మధ్య దూరం సమంగా లేదు," అన్నాను, నిజమే కనుక. ఆమె వెంటనే సర్దడానికి పరుగెత్తింది.

పిచ్చుక పటం మీద వంగి, నేను పక్కన రాసుకొన్న అంకెలను చూసింది. "తాతగారూ, ఈ చుక్క తరువాతి అంకెలను ఏమనుకొన్నారు?"

"సెకన్లు. నిమిషాల తరువాత వచ్చేవి సెకన్లే. మా శాఖలో..."

"ఈ ఆటలో సెకన్లు ఉండవు. ఇది నిమిషంలో భాగం. దశాంశం!"

నేను పటం వైపు చూశాను. పటం నా వైపు చూసింది. నిమిషంలో మూడో వంతుకు కాస్త పైచిలుకైన భాగాన్ని, అంటే ఇరవై ఒక్క సెకన్లను, నేను ముప్ఫై అయిదు సెకన్లుగా గ్రహించాను. సర్వే శాఖలో పని చేయనివాడు ఎవడూ ఈ పొరపాటు చేసి ఉండడు. వాడికి సెకన్లు అన్న ఆలోచనే వచ్చేది కాదు.

"అంటే డబ్బా ఎక్కడున్నట్టు?" అన్నది కోడలు.

"అమ్మ కూర్చున్న బెంచీకి ఎదురుగా," అన్నాడు మా అబ్బాయి.

అప్పుడే మొదటి చినుకు పటం మీద పడింది. సరిగ్గా ఎర్ర సిరా మీద.

పరుగెత్తాము. నేను కూడా పరుగెత్తాను, ఎవరూ చూడలేదనుకొంటాను. దిగువ గేటు దాటి బెంచీ వద్దకు చేరేసరికి వాన జోరందుకొన్నది. బెంచీకి కర్ర ఆనించి ఉన్నది. నీళ్ళ సీసా ఉన్నది. మనిషి లేదు.

కర్ర లేకుండా ఆమె మంచం దిగడం కూడా నేను ఎరుగను. ఫోను చేయబోయాను; కట్టేయించినది నేనే. పడిపోయిందా, ఎవరైనా ఆసుపత్రికి మోసుకుపోయారా? కోడలు సంచీ విప్పింది. మా అబ్బాయి చేతిలో సీసాలు కింద పడ్డాయి. నేను నా హోదా మరచి నోరారా అరిచాను:

"ఏమోయ్! ఎక్కడున్నావు?"

"అరవకండి!" అన్నది పై నుంచి ఒక గొంతు. "అందరూ చూస్తారు!"

వాలు దారి చివర, వాడకం మానేసిన పాత టికెట్ గది ఉన్నది. దాని చూరు కింద, నేలకు జానెడెత్తున ఉన్న మెట్టు మీద మా ఆవిడ కూర్చొని ఉన్నది. ఒడిలో ఆకుపచ్చ డబ్బా, దానికి నీలి మూత. పైకి ఎలా ఎక్కామో నాకు జ్ఞాపకం లేదు.

"మీరు అటు పోగానే ఎవరో ఇద్దరు వచ్చారండీ," అన్నది, మేము ఆయాసం తీర్చుకొనేలోపే. "అటూ ఇటూ దొంగచూపులు. ఒకడు బూటు లేసు కట్టుకొంటున్నట్టు నటన. వాడి బూటుకు లేసే లేదు! నేను చూడనా? ఈ మెట్టు సందులో నుంచి డబ్బా తీశారు, రాశారు, పిల్లలెవరో వస్తుంటే గబుక్కున తోసేసి పోయారు. మూత సగం పట్టింది, సగం పట్టలేదు. నీలి అంచు నాకు అక్కడికి కనబడుతూనే ఉంది. ఇంతలో మబ్బు. లోపల కాగితం నానిపోదూ? ఎంతమంది పేర్లు! మీకు ఫోను చేశాను, ఒక్కటీ పలకదు. ఇంక నేనేం చెయ్యను?"

"ఏం చేశావు నాయనమ్మా?" అన్నది పిచ్చుక చిన్నగా.

"ఏం చెయ్యడమేమిటే, వచ్చి మూత పెట్టాను."

"ఎలా వచ్చావు?" అన్నాను నేను.

"ఎలా ఏమిటి? ఎగిరి వస్తానా? కాళ్ళతో."

కోడలు మెల్లగా ఆమె కాలి వైపు వేలు చూపించింది. మా ఆవిడ కిందికి చూసుకొన్నది. అంత పొట్టి మెట్టు మీద మోకాలు పూర్తిగా మడిచి, దాని మీద డబ్బా ఆనించి, పైన మోచేయి పెట్టుకొని ఆమె మమ్మల్ని చీవాట్లు పెడుతున్నది. ఫిజియోథెరపిస్టు ఎంత బతిమాలినా వంగని మోకాలు అది.

"అమ్మో!" అన్నది. మరుక్షణం ముఖంలో రంగు పోయింది. "ఇప్పుడెలా లేవడం?"

"కూర్చున్నట్టే," అన్నాడు మా అబ్బాయి.

ఆమె కడ్డీ పట్టుకొని లేచింది. మొదటిసారి సగంలో ఆగింది, మూలిగింది, నన్ను ఒక మాట అన్నది, రెండవసారి లేచింది. పిచ్చుక కర్ర తెస్తానని కిందికి పరుగుతీయబోతే ఆపింది.

"దాన్ని అక్కడే ఉండనీ. వెళ్ళేటప్పుడు దారిలోనే ఉంది కదా, తీసుకొంటాలే."

డబ్బాను మళ్ళీ దాచే ముందు కాగితం చూశాము. మాకు ముందు వచ్చినవారి పేర్ల కింద, గుండ్రటి అక్షరాలతో "నాయనమ్మ" అని సంతకం ఉన్నది. దాని కింద ఒక సూచన: "దయచేసి మూత నాలుగు వైపులా నొక్కండి." నేను మూత పెట్టబోయాను. నా చేతిలో నుంచి లాగేసుకొన్నది.

సోమవారం నాడు ఫిజియోథెరపిస్టు మోకాలిని వంచి చూసి, మళ్ళీ వంచి చూసి, మత్తు అవసరం లేదన్నది. ఇంట్లో ఏ వ్యాయామం చేయించారని నన్నే అడిగింది. నేను గొంతు సవరించుకొన్నాను. దిక్కు తప్పింది నేను, ఫోన్లు కట్టేయించినది నేను, లెక్కప్రకారం చూస్తే నా వంతు కొంత ఉన్నది. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపు కాఫీ డబ్బా దగ్గర నిత్యం నేను ఎరిగినదే.

కనుక ఈ కింది విషయాన్ని నిస్సంకోచంగా, నా పూర్తి స్పృహతో ధ్రువీకరిస్తున్నాను. సదరు ఆదివారం నాడు, వాన మొదలయ్యే లోపు, కర్ర విడిచి, ఎవరి సాయమూ లేకుండా వాలు ఎక్కి, మోకాలు వంచి కూర్చొని, అపరిచితులు అజాగ్రత్తగా వదిలిన మూతను నాలుగు వైపులా నొక్కి, అందులోని పేర్లన్నింటినీ తడవకుండా కాపాడిన ఘనత సంపూర్ణంగా నా భార్యది. అందులో నాకు గానీ, నా పటానికి గానీ ఎట్టి భాగమూ లేదు. ఇందుకు నేనూ, మా కుటుంబమూ ఆమెకు కృతజ్ఞులము.