ఆదివారం బస్సులో వచ్చే వర్షిత

ఆదివారం పొద్దున మల్లీశ్వరి వాకిలి ఊడ్చి, పొయ్యి మీద అన్నం పెట్టి, దారం పోసే ఆసు ముందు కూర్చునేది. పోచంపల్లిలో వాళ్లది చీరలు నేసే ఇల్లు. మగ్గం మీద భర్త కమలాకర్, ఆసు దగ్గర ఆమె. మేకుల చుట్టూ దారం తిప్పుతూ చెయ్యి తన పని తాను చేసుకుపోతుంటే హైదరాబాదు బస్సు వచ్చిన చప్పుడు వినబడేది. కాసేపటికి పెద్ద వర్షిత వాకిట్లో చెప్పులు విడిచేది.

పెద్ద వర్షిత అంటే వాళ్ల బిడ్డే. ఆరో తరగతి చదివే వర్షిత లోపల హోంవర్కు రాసుకుంటూ ఉండగానే, అదే వర్షిత నలభై ఏండ్ల మనిషిగా బస్సు దిగి ఇంటికి వచ్చేది. తల్లికంటే వయసులో పెద్దది. చెంపల దగ్గర వెంట్రుకలు నెరిసినయి. వాడకట్టులో ఎవరికీ అది వింత కాదు. "మీ పెద్దది వచ్చిందా?" అని పక్కింటి గోపమ్మ గోడ మీది నుంచి అడిగి, జవాబు వినకుండానే తన పనిలో పడేది.

చిన్నదానికి రోగం పేరు తేలినప్పటి నుంచి ఆమె రావడం మొదలైంది. అంతకుముందు ఏడాదంతా పిల్లకు కడుపునొప్పి, విరేచనాలు. మనిషి ఎండిపోయింది. నులిపురుగులన్నారు, దిష్టన్నారు. చివరికి హైదరాబాదు దవాఖానలో డాక్టరమ్మ క్రోన్స్ అని చెప్పింది.

"ఇది పేగుల జబ్బు. పూర్తిగా పోదు. మందులతో అదుపులో ఉంటుంది, అప్పుడప్పుడు తిరగబెడుతుంది. చదువుకుంటుంది, ఉద్యోగం చేస్తుంది. మందు మాత్రం ఆపొద్దు."

పూర్తిగా పోదు అన్న తర్వాత మల్లీశ్వరికి మిగతావేవీ వినబడలేదు. ఏడుపు రాలేదు. ఆ రోజు నుంచి అన్నం తింటే తిన్నట్టుండేది కాదు, పడుకుంటే పడుకున్నట్టుండేది కాదు.

పెద్ద వర్షిత రాగానే ముందు బాత్రూంకు పోయేది. తర్వాత చిన్నదాని పక్కన కూర్చునేది.

"క్లాసుల కడుపు గుంజితే సారును బతిమిలాడకు. చెప్పి లేచి పో."

"పిల్లలు నవ్వుతరక్కా."

"నవ్వుతరు. మళ్ల ఊకుంటరు."

మల్లీశ్వరి ఓరగా ఆమెను చూసేది. పొట్టి మనిషి, సన్నటి చేతులు. కారం లేని పప్పుతో మెల్లగా తిని, సంచిలోంచి గోలీ తీసి వేసుకునేది. అడగాల్సినవి ఎన్నో ఉన్నా, మల్లీశ్వరికి నోరు తెరిచే ఓపిక లేదు. మాపటి బస్సుకు ఆమె వెళ్లిపోయేది.

ఇంజెక్షన్లు మొదలయినంక చిన్న వర్షిత కోలుకున్నది. బుగ్గలు వచ్చినయి. అప్పుడు కమలాకర్ ఒక మాట తెచ్చాడు. ఎవరో ఆకుమందు ఇస్తున్నరట, రోగాన్ని మొదలుకంటా తీసేస్తరట. కాకపోతే ఇంగ్లీషు మందు ఆపాలట.

"పిల్ల మంచిగనే ఉన్నది గదా. బతుకంతా సూదులేనా?" అన్నాడు.

"నీ ఇష్టం," అన్నది మల్లీశ్వరి, దారం తిప్పుతూనే.

పై ఆదివారం బస్సు వచ్చింది, పోయింది. పెద్ద వర్షిత రాలేదు. ఏదో పని పడి ఉంటదనుకున్నారు. చిన్నది సూదులు మానేసి ఆకుమందు తాగి, మొహం చిట్లించి, ఆడుకోను పోయింది. ఆ తర్వాతి ఆదివారం కూడా రాలేదు. వడ్డించి పెట్టిన పళ్లెంలో మెతుకులు ఎండిపోయినయి.

"మీ పెద్దది వస్తలేదేంది?" గోపమ్మ ఈసారి గోడ దగ్గరే నిలబడింది.

 ఆసు మీద మల్లీశ్వరి చెయ్యి ఆగిపోయింది. లోపలికి పోయి పిల్ల నుదురు ముట్టుకుంది. వెచ్చగా ఉంది.

"కడుపు గట్టిగున్నదమ్మా. నిన్నటి సంది," అన్నది వర్షిత. చెప్తే మళ్లీ సూదులంటారని దాచిపెట్టింది.

"ఇంకో వారం చూద్దాం," అన్నాడు కమలాకర్.

"ఇంకేం చూస్తవు? పెద్దది వస్తలేదు." మల్లీశ్వరి పిల్లకు చున్నీ కప్పి బయటికి నడిపించింది. కమలాకర్ కాసేపు గడపలో నిలబడి, అంగీ తొడుక్కొని వెనకే వచ్చాడు.

దవాఖానలో అదే రోజు ఆపరేషన్ చేశారు. పేగుకు చిల్లు పడింది. పాడైన ముక్క తీసేసి, పొట్ట మీద మలం పడే చిన్న సంచి అమర్చారు. కొన్ని నెలలకు దీన్ని తీయొచ్చేమో, తీయలేకపోనూవచ్చు అన్నది డాక్టరమ్మ. ఇంకో రోజు ఆలస్యమైతే అని మొదలుపెట్టి, వాళ్ల మొహాలు చూసి ఆపేసింది.

ఇంటికి వచ్చినంక మొదటి ఆదివారం. చిన్నది మంచం మీద నిద్రపోతున్నది. వాకిట్లో చెప్పుల చప్పుడయింది.

పెద్ద వర్షితే. నడక కొంచెం నిదానించింది. కూర్చునేటప్పుడు కుడిపక్క కుర్తా కింద ఉబ్బెత్తుగా ఏదో కనబడింది. ఇదివరకు అది లేదు. ఆమె దాన్ని అలవాటైన చేత్తో సర్దుకుంది. మల్లీశ్వరి అక్కడే చూస్తూ ఉండిపోయింది. కుర్తా కింద సంచి నలభై ఏండ్ల వయసుకు కూడా అట్లనే ఉన్నది.

"నొస్తదా?" అని అడిగింది. ఆ మనిషిని ఆమె అడిగిన మొదటి మాట అది.

"లేదమ్మా. అలవాటయింది."

"నా మీద కోపమున్నదా బిడ్డా?"

పెద్ద వర్షిత మంచం మీది పిల్లను చూసింది, తల్లిని చూసింది.

"వచ్చిన గదా," అన్నది. "ఆకలైతాంది. అన్నం పెట్టు."